ఒకే గుమ్మం... ఎన్నో బై నంబర్లు

అబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్‌కి వెళ్లి, ఏదైనా ఓ పాత కాంప్లెక్సు ముందు నిలబడండి. మెట్ల పక్కన గోడనిండా బోర్డులే. కింద సెల్‌ఫోన్ల షాపు, పైన ఆడిటరు, ఆ పైన టైలరు, వెనకవైపు ఇనుప మెట్లెక్కితే ట్రావెల్స్ ఆఫీసు. అందరి చిరునామా ఒకేలా మొదలవుతుంది... 5-9 అని. అంటే అయిదో వార్డు, తొమ్మిదో బ్లాకు. ఆ తర్వాత ఇంటి నంబరు. అక్కడితో అయిపోతుందా? లేదు. ఓ అడ్డగీత గీసి బై 1, బై 2, బై 2 బై ఎ... అంటూ తోక సాగుతూనే ఉంటుంది. కొత్తగా ఊళ్లోకొచ్చినవాళ్లు ఈ తోక చూసి నవ్వుకుంటారు. పోస్ట్‌మన్ మాత్రం నవ్వడు. ఆ తోక లేకపోతే అందరి ఉత్తరాలూ కింద షాపులో పడేసి పోవడమే మరి!

వాటాలో అద్దెకుండి చూసినవాళ్లకి ఈ బై నంబరు విలువ బాగా తెలుసు. గ్యాస్ కనెక్షన్‌కి వెళితే 'ఇల్లెవరి పేరు మీదుంది?' అంటారు. రేషన్‌కార్డుకి వెళితే అదే ప్రశ్న. పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబులూ అదే అడుగుతాడు. ఉండేది మనం, అద్దె కట్టేది మనం... పేరు మాత్రం ఓనరుది.

సరిగ్గా ఇదే ఇబ్బంది కంప్యూటర్లకీ వచ్చింది. మన జీతాలు, బీమా పాలసీలు, ఫోను బిల్లులు దాచిపెట్టే పెద్ద పెద్ద కంప్యూటర్లలో 'అద్దెకున్నవాళ్ల'కి సొంత పేరు లేకుండా పోయింది. చివరికి వాళ్లకీ బై నంబర్లు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏర్పాటునే ఎన్‌పీఐవీ అంటారు. పూర్తిగా చెప్పాలంటే ఎన్-పోర్ట్ ఐడీ వర్చువలైజేషన్. పేరుకి బెదిరిపోనక్కర్లేదు. అబిడ్స్, నాంపల్లి, గన్‌ఫౌండ్రీల మధ్య ఓసారి అటూ ఇటూ తిరిగొస్తే అర్థమైపోయే సంగతే.

ఇంట్లో ఇళ్లు

ముందు అద్దెకున్నవాళ్లెవరో చూద్దాం. సర్వరు అంటే మంచి ఖరీదైన కంప్యూటరు. ఒక్కో పనికి ఒక్కో సర్వరు కొనుక్కుంటూ పోతే ఆఫీసు గదులు చాలవు. తీరా కొన్నాక చూస్తే అందులో చాలావరకు రోజంతా ఖాళీగానే ఉంటాయి. అందుకే ఒక సర్వరుని సాఫ్ట్‌వేర్‌తో వాటాలుగా విడగొడతారు. ఒక్కో వాటా ఒక్కో వర్చువల్ మెషీన్. ఆ వాటాలో నడిచే విండోస్‌కో లైనక్స్‌కో తాను అద్దెకున్నట్టు తెలియదు. ఇల్లంతా తనదే అనుకుంటుంది.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఐబీఎం తన వీఎం/370 వ్యవస్థని ప్రకటించింది 1972 ఆగస్టు 2న. అంతకుముందే ఐబీఎం ప్రయోగశాలల్లో దీని మీద చాలా పని జరిగింది. తమాషా ఏమిటంటే, మన దేశంలో పిన్‌కోడు మొదలైంది కూడా ఆ నెలలోనే... ఆగస్టు 15న. అబిడ్స్ జీపీవోకి 500001 అన్న అంకె దక్కింది అలాగే. అక్కడ ఒక మెషీన్ని పది ఇళ్లుగా పంచే పని, ఇక్కడ కోట్ల ఇళ్లకి దారి చూపే అంకెలు. పదమూడు రోజుల తేడా! మామూలు సర్వర్లకి ఈ సౌకర్యం రావడానికి మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1998లో మొదలైన వీఎంవేర్ అనే కంపెనీ 2001లో తెచ్చిన ఈఎస్ఎక్స్ సర్వర్‌తో అది ఊపందుకుంది.

గన్‌ఫౌండ్రీలో లాకరు

ఇక సామాన్ల సంగతి. పెద్ద సంస్థల్లో సమాచారాన్ని సర్వరు లోపల దాచరు. సర్వరు పాడైతే దాంతోపాటే సమాచారమూ పోతుంది కదా! అందుకని డిస్కులన్నీ వేరే బీరువాలో పెట్టి, గాజు తీగలతో సర్వర్లకి కలుపుతారు. మధ్యలో స్విచ్‌లుంటాయి. ఇదే స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్. ముద్దుగా శాన్.

అబిడ్స్‌లో ఇల్లున్న కుటుంబం నగలు ఇంట్లో పెట్టుకోకుండా గన్‌ఫౌండ్రీలో బ్యాంకు లాకర్లో పెట్టుకున్నట్టన్నమాట. లాకర్ల గదిలోకి ఎవరుపడితే వాళ్లు వెళ్లలేరు. మొదట గుమ్మం దగ్గర ఆపుతారు... మీకు ఈ గదిలో పనుందా, లేదా? శాన్ భాషలో ఇది జోనింగ్. స్విచ్ చేసే పని. తర్వాత రిజిస్టరు చూస్తారు... ఈ గదిలో మీ లాకరు ఏది? ఇది మాస్కింగ్. డిస్కుల బీరువా చేసే పని. ఈ రెండు తనిఖీలూ జరిగేది మాత్రం ఒకే ఆధారంతో. పేరు!

ఆ పేరు పదహారు స్థానాల పొడుగు. 0 నుంచి 9 వరకు అంకెలు, ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు కలగలిపి ఉంటాయి. సర్వరులోంచి గాజు తీగ బయటికొచ్చే చోట ఓ కార్డుంటుంది. ఆ కార్డులోని పోర్టుకి తయారీలోనే ఈ పేరు రాసి పంపుతారు. ప్రపంచంలో ఇంకే పోర్టుకీ అదే పేరు ఉండకూడదు.

చిక్కంతా ఇక్కడే. పేరున్నది కార్డుకి. అంటే ఇంటికి. అందులో అద్దెకున్న ఇరవై మంది బయటికి వెళ్లాలన్నా ఆ ఒక్క గుమ్మంలోంచే, ఆ ఒక్క పేరుతోనే వెళ్లాలి. బ్యాంకు గుమస్తాకి ఎదురుగా కనిపించేది ఒక్కడే... ఇంటి ఓనరు. ఇరవై కుటుంబాల లాకర్లూ ఆ ఓనరు పేరు మీదే తెరవాలి. వాటాల మధ్య ఎవరి నగలు ఎవరికివ్వాలో లోపల ఓనరే చూసుకుంటాడు. ఇక్కడ ఓనరంటే వాటాలు వేసిన సాఫ్ట్‌వేరు.

ఓనరు మంచివాడైతే ఇబ్బందేముంది అంటారా? నిజమే, చాలా చోట్ల ఏ ఇబ్బందీ రాలేదు. అయితే 2003లో ఇంకో సౌకర్యం వచ్చిపడింది. నడుస్తున్న వర్చువల్ మెషీన్ని ఆపకుండానే ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకి తరలించే విద్య! అబిడ్స్‌లో అద్దెకున్న కుటుంబం పొయ్యి మీద పాలు దించకుండానే నాంపల్లికి మారిపోవడం లాంటిది. బాగానే ఉంది. మరి లాకరు? అది అబిడ్స్ ఓనరు పేరు మీద ఉంది కదా! నాంపల్లి ఓనరు వెళ్లి అడిగితే గుమస్తా ఇవ్వడు. కాబట్టి ముందుగానే నాంపల్లి ఓనరుకీ ఆ లాకరు తాళం ఇవ్వాలి. ఎనిమిది సర్వర్ల మధ్య తిరిగే మెషీన్ అయితే ఎనిమిది మంది ఓనర్లకీ ఇవ్వాలి. చివరికి అందరి తాళాలూ అందరి గుత్తిలోనూ ఉంటాయి.

ఇది మొహమాటానికి సర్దుకుపోయే విషయం కాదు. ఒకే డిస్కు మీద, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా రెండు మెషీన్లు రాస్తే ఆ లెక్క సగం సగం మిగలదు, మొత్తం పాడవుతుంది. ఒకే లెడ్జరు పేజీ మీద ఇద్దరు గుమస్తాలు ఎవరికి గుర్తున్నది వాళ్లు దిద్దుకుంటూ పోతే చివరికి ఆ పేజీని ఎవరు నమ్ముతారు? పెన్షను బాకీ ఎంతో, అప్పు తీరిందో లేదో చెప్పాల్సిన పేజీ అది. ఇంకో చిక్కు, ఎవరో ఒకరు డిస్కుల మీద పడి తెగ రాసేస్తుంటే మిగతావాళ్ల పని నెమ్మదిస్తుంది. ఎవరది అని స్టోరేజ్ చూసే ఉద్యోగి అడిగితే దొరికే జవాబు 'మూడో సర్వరు'. అందులో ఎవరు? బ్యాంకు గుమ్మం దగ్గర ఆ జవాబు దొరకదు.

తోక తగిలించారు

ఈ ముడి విప్పింది ఐబీఎం, ఎమ్యులెక్స్, మెక్‌డేటా కంపెనీలు. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో వందలకొద్దీ లైనక్స్ వాటాలు వేస్తుంటే, ఒక్కో వాటాకీ ఒక్కో కార్డు కొనడం ఎవరివల్ల అవుతుంది? అందుకని ఒక్క పోర్టు మీదే ఎన్నో పేర్లు నమోదయ్యే పద్ధతి రాశారు. ప్రమాణాల సంఘం దానికి ఆమోదముద్ర వేసింది.

పని జరిగే తీరు సులువుగానే ఉంటుంది. కార్డు మొదట తన సొంత పేరుతో స్విచ్ దగ్గర హాజరు వేయించుకుంటుంది. స్విచ్ దానికో చిరునామా ఇస్తుంది. తర్వాత అదే తీగ మీదుగా వర్చువల్ మెషీన్ కబురు పెడుతుంది... 'నేనూ ఈ ఇంట్లోనే ఉంటున్నా, నా పేరు వేరే, నాకూ చిరునామా కావాలి' అని. స్విచ్ ఇంకో చిరునామా రాసిస్తుంది. అంతే! ఇక బ్యాంకు గుమస్తా ఎదుట ఓనరు వేరు, అద్దెకున్నాయన వేరు. జోనింగ్‌లోనూ మాస్కింగ్‌లోనూ ఎవరి పేరు వాళ్లదే. ఎవరి లాకరు వాళ్లదే. లేని గుమ్మాన్ని ఉన్నట్టు చూపించడమే కాబట్టి దీన్ని వర్చువల్ పోర్టు అన్నారు.

స్విచ్ ఇచ్చే చిరునామా ఎలా ఉంటుందో చూస్తే హైదరాబాదీలకి నవ్వొస్తుంది. మూడు ముక్కలు. డొమైన్, ఏరియా, పోర్టు. మన వార్డు, బ్లాకు, ఇంటి నంబరు లాగే! బ్రొకేడ్ కంపెనీ స్విచ్‌లలోనైతే అసలు కార్డు చిరునామా చివర 00 ఉంటుంది. అద్దెకున్నవాళ్లకి 01, 02, 03... అచ్చం బై నంబర్లే. ఒక్క పోర్టు మీద మామూలుగా 126 మంది దాకా ఉండొచ్చు, కావాలంటే 255 వరకు పెంచుకోవచ్చు. ఈ బ్రొకేడ్‌ని 1995లో స్థాపించినవారిలో ఒకరు మైసూరు విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివిన కుమార్ మాలవల్లి. ఆయన వార్డు-బ్లాకు లెక్క చూసి ఈ పద్ధతి పెట్టారని కాదు గానీ, తలుపులెక్కువై దారి ఒక్కటే అయినప్పుడు ఎక్కడైనా మనిషికి తట్టే ఉపాయం ఇదేనేమో.

2007 డిసెంబరులో వీఎంవేర్ తన ఈఎస్ఎక్స్ 3.5లో దీన్ని చేర్చింది. మరుసటి ఏడాది ఐబీఎం పవర్ సర్వర్లలోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ కాస్త ఆలస్యంగా, విండోస్ సర్వర్ 2012తో తెచ్చింది. ఒక్కో వర్చువల్ మెషీన్‌కి ఇలాంటి కార్డులు నాలుగు వరకు పెట్టుకోవచ్చంది. అప్పట్లో మైక్రోసాఫ్ట్‌లో సర్వర్ల విభాగానికి పెద్ద ఎవరో తెలుసా? మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల. 2011 నుంచి ఆ విభాగం ఆయన చేతిలో ఉంది. ఇది ఆయన కనిపెట్టింది కాదు, ఆ మాట చెప్పుకోవాల్సిన పనీ లేదు. కానీ ఊళ్లో పిల్లవాడు కూర్చున్న బల్ల మీదుగా వెళ్లిన కాగితం అంటే ఓసారి తిప్పి చూడాలనిపిస్తుంది కదా!

బోర్డు మారింది, ఖాతా మారలేదు

పేరు మన దగ్గరుంటే ఏమవుతుందో గన్‌ఫౌండ్రీ ఒకసారి కళ్లారా చూసింది. నిజాం కాలంలో 1941 చట్టంతో పుట్టి, మరుసటి ఏడాది అక్కడ తలుపులు తెరిచిన హైదరాబాద్ స్టేట్ బ్యాంక్, 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. మన ఇళ్లలో ఎస్‌బీహెచ్ పాస్‌బుక్కు లేని బీరువా తక్కువే. 2017 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డులు మారాయి. ఎస్‌బీహెచ్‌వై అని మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పోయి ఎస్‌బీఐఎన్ అని మొదలయ్యేది వచ్చింది. 'నా డబ్బు భద్రంగా ఉందా?' అని పెన్షనర్లు పాస్‌బుక్కులు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగారు. 62తో మొదలయ్యే ఖాతా నంబరు మాత్రం మారలేదు. ఇల్లు మారింది, వార్డు మారింది, ఖాతా నంబరు చేతిలోనే ఉంది. 

వర్చువల్ పోర్టు ఇచ్చే సుఖమూ ఇదే. మెషీన్ అబిడ్స్ సర్వరు వదిలి నాంపల్లి సర్వరుకి మారినప్పుడు స్విచ్ ఇచ్చే చిరునామా మారిపోతుంది. పదహారు స్థానాల పేరు మారదు. లాకరు ఆ పేరు మీద ఉంది కాబట్టి గుమస్తా రిజిస్టరులో ఒక్క అక్షరం దిద్దక్కర్లేదు. నాంపల్లి ఓనరుకి తాళం ఇవ్వక్కర్లేదు కూడా.

రెండో పేరు మరిచిపోతే...

అయితే తరలింపులో ఓ చిన్న మెలిక ఉంది. ఎక్కువమంది దెబ్బతినేదీ ఇక్కడే.

పాత ఇల్లు ఖాళీ చేశాక కొత్త ఇంటి తాళం కోసం వెతుక్కుంటే ఆ మధ్యలో సామాను రోడ్డు మీదుంటుంది. డిస్కు ఎక్కువసేపు కనిపించకపోతే మెషీన్ తట్టుకోలేదు. అలాగని ఒకే పేరుతో రెండు గుమ్మాల్లో ఒకేసారి హాజరు వేయించుకోవడమూ కుదరదు. అందుకే మైక్రోసాఫ్ట్ ఒక్కో వర్చువల్ కార్డుకి రెండు పేర్లిచ్చింది. ఎ, బి అని. అబిడ్స్‌లో 'ఎ' పేరుతో నడుస్తుండగానే నాంపల్లిలో 'బి' పేరుతో హాజరు వేయించుకుని, లాకరు కనిపిస్తోందని తేల్చుకున్నాకే మెషీన్ కదులుతుంది. తిరిగొచ్చేటప్పుడు 'బి' నుంచి 'ఎ'. ఐబీఎం పవర్ సర్వర్లలోనూ ఇలా జంట పేర్లే.

ఇప్పుడు స్టోరేజ్ ఉద్యోగి సంగతి ఊహించండి. అతని తెర మీద కనిపించేది హాజరు వేయించుకున్న పేరు... 'ఎ' ఒక్కటే. దాన్ని జోనింగ్‌లో చేరుస్తాడు, మాస్కింగ్‌లో చేరుస్తాడు. డిస్కు కనిపించింది, మెషీన్ నడిచింది, అందరూ టీ తాగారు. 'బి' అనే పేరొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు. నెలలు గడుస్తాయి, ఏమీ కాదు. ఏదో ఓ అర్ధరాత్రి పాత సర్వరులో ఫ్యాన్లు మొరాయిస్తాయి. నైట్ డ్యూటీలో ఉన్న కుర్రాడు మెషీన్ని పక్క సర్వరుకి పంపబోతాడు. కొత్త గుమ్మంలో 'బి' పేరు చెబితే స్విచ్ 'ఎవరు మీరు?' అంటుంది. తరలింపు ఆగిపోతుంది. సర్వరు వేడెక్కుతూ ఉంటుంది. స్టోరేజ్ చూసే పెద్దాయన ఫోను ఇంటి హాల్లో మోగుతూ ఉంటుంది.

ఇళ్లలో జరిగేదీ ఇంతే కదా. లాకరు ఆయన ఒక్కరి పేరు మీదే తీసుకుంటారు. నామినీ గడి 'తర్వాత నింపుదాంలే' అని వదిలేస్తారు. ఇరవై ఏళ్లు ఆ గడితో పని పడదు. పని పడిన రోజున ఆవిడ చేతిలో తాళంచెవి ఉంటుంది, రిజిస్టరులో పేరుండదు.

అందరికీ అక్కర్లేదు

ఇంత చెప్పాక, ప్రతి చోటా వర్చువల్ పోర్టులు పెట్టేయాలా అంటే... అక్కర్లేదు. వీఎంవేర్ వాడేవాళ్లలో చాలామంది దీని జోలికే వెళ్లరు. పెద్ద డిస్కుని అందరికీ ఉమ్మడిగా ఇచ్చి, అందులో ఒక్కో మెషీన్‌కి ఒక్కో ఫైలు కేటాయిస్తే సరిపోతుంది. వీఎంవేర్‌లో ఈ బై నంబరు పనిచేయాలంటే డిస్కుని నేరుగా మెషీన్‌కి అప్పగించే పద్ధతి వాడాలి. పైగా ఓనరు కార్డు పేరుకీ ఆ లాకరు తెరిచే ఉంచాలి. వర్చువల్ పేరుతో దారి దొరకకపోతే మెషీన్ చడీచప్పుడూ లేకుండా ఓనరు పేరుతోనే వెళ్లిపోతుంది. మరి బై నంబరు బోర్డు తగిలించి లాభమేమిటని అక్కడివాళ్లు విసుక్కుంటే తప్పు పట్టలేం.

చాకిరీ సంగతీ చూడాలి. తీగ తెగినా పని ఆగకూడదని శాన్‌ని సాధారణంగా రెండు దారులుగా వేస్తారు. ఒక్కో దారికి ఒక్కో వర్చువల్ కార్డు, ఒక్కో కార్డుకి రెండు పేర్లు. అంటే మెషీన్‌కి నాలుగు. యాభై మెషీన్లుంటే రెండొందల పేర్లు. పేరుకి పదహారు చొప్పున 3,200 అంకెలూ అక్షరాలూ. అందులో ఒక్క బి బదులు 8 పడినా సరే, ఆ గుమ్మం తెరుచుకోదు.

కానీ ఐబీఎం పవర్ సర్వర్ల మీద పెద్ద డేటాబేసులు నడిపేచోట, మెయిన్‌ఫ్రేముల్లో, రెండు విండోస్ మెషీన్లు ఒకే డిస్కుని వంతులేసుకుని కాపలా కాసేచోట ఇది బాగా పనికొస్తుంది. అక్కడ ఎవరి లాకరు ఎవరిదో గుమ్మం దగ్గరే తేలాలి. ఓనరు మాట మీద వదిలేయలేరు.

ఈ కథలోని పాత్రల్లో కొన్ని ఇప్పుడు ఒకే ఇంటికి చేరాయన్నది ఇంకో విశేషం. మెక్‌డేటాని 2007లోనే బ్రొకేడ్ కొనేసింది. కార్డులు చేసే ఎమ్యులెక్స్‌ని 2015లో కొన్న అవాగో కంపెనీ, ఆ తర్వాతి ఏడాది బ్రాడ్‌కామ్‌ని కొని ఆ పేరే పెట్టుకుంది. 2017లో స్విచ్‌ల బ్రొకేడ్‌ని, 2023లో వాటాలు వేసే వీఎంవేర్‌ని కూడా కలుపుకొంది. గుమ్మమూ, వీధీ, ఇంటి ఓనరూ ఒక్కరే అయ్యారన్నమాట. అద్దెలు పెరుగుతాయా అని గుసగుసలాడుకోవడం ఎక్కడైనా మామూలే. వీఎంవేర్ లైసెన్సుల లెక్క మారాక పెద్ద పెద్ద సంస్థలే ఆ గుసగుసని గట్టిగా మాట్లాడాయి.

మళ్లీ చిరాగ్ అలీ లేన్‌కి వద్దాం. కాంప్లెక్సు మెట్ల పక్కన ఉన్న బోర్డుల్లో కొన్నింటిని జాగ్రత్తగా చూడండి. రంగు వెలిసిపోయి ఉంటాయి. బై 3లో ఉన్న కోచింగ్ సెంటరు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయింది. బోర్డు మాత్రం ఎవరూ తీయలేదు. అప్పుడప్పుడు ఓ ఉత్తరం వస్తూనే ఉంటుంది. శాన్‌లోనూ ఇలాంటి బోర్డులు బోలెడు. వర్చువల్ మెషీన్ని తీసేస్తారు, దాని పేరుని జోనింగ్‌లోంచి తీయరు. మాస్కింగ్ రిజిస్టరులో ఆ పేరు ఎదురుగా లాకరు తెరిచే ఉంటుంది. అందుకే కాస్త శ్రద్ధున్న స్టోరేజ్ ఉద్యోగులు అప్పుడప్పుడు ఓ కాగితం ముందేసుకుని కూర్చుంటారు. ఒక్కో పదహారు స్థానాల పేరు మీద వేలు పెట్టి, పక్క గదిలోని సర్వర్లవాళ్లని కేకేసి అడుగుతుంటారు... 'ఇదిగో, ఈయన ఇంకా ఉంటున్నాడా, ఖాళీ చేశాడా?'